పుట్టీతో సర్వర్‌లోకి – 3వ పాఠం: యాక్సెప్ట్ నొక్కే ముందు

పోయిన పాఠంలో పుట్టీ (మన కంప్యూటర్ నుంచి దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్లే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేసుకుని, హోస్ట్ నేమ్ దగ్గర సర్వర్ ఐపీ కొట్టి, పోర్ట్ 22 అలాగే వదిలేసి, సెషన్‌ని ఒక పేరుతో సేవ్ చేసుకున్నాం. ఇప్పుడు ఆ పేరు మీద డబుల్ క్లిక్ చేయండి.

లాగిన్ అడగకముందే ‘పుట్టీ సెక్యూరిటీ అలర్ట్’ అని చిన్న విండో వస్తుంది. ఈ సర్వర్‌ని ఇంతకుముందు చూడలేదు, మీరనుకున్నది ఇదేనో కాదో నాకు తెలియదు అని దాని సారాంశం. కింద యాక్సెప్ట్, కనెక్ట్ వన్స్, క్యాన్సిల్ అని ఉంటాయి. నేను నేర్పినవాళ్లలో చాలామంది చదవకుండానే యాక్సెప్ట్ నొక్కేశారు. అందుకే పాఠమంతా దీనికే ఇస్తున్నాను.

1995లో ఫిన్లాండ్‌లో ఒక యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో కాపు కాసి పాస్‌వర్డులు పట్టేశారు. అప్పట్లో దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లడానికి వాడే టెల్నెట్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వైరు మీద వెళ్లేది మరి. ఆ దెబ్బతోనే అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. పుట్టీ సర్వర్‌తో మాట్లాడేది ఈ పద్ధతిలోనే. దాంతో దారిలో ఎవరు విన్నా అర్థం కాదు. కానీ అవతల ఉన్నది మన సర్వరే కాకపోతే? పెట్టెకి గట్టి తాళం వేసి, చెవితో సహా దొంగ చేతిలో పెట్టినట్టే.

విండోలో ‘ఎస్‌హెచ్‌ఏ256’ అని, దాని పక్కన 43 అక్షరాల వరస కనిపిస్తుంది. ప్రతి సర్వర్‌కీ తనదైన గుర్తింపు ‘కీ’ ఒకటి ఉంటుంది; ఈ వరస ఆ కీకి వేలిముద్ర లాంటిది. అదే సర్వర్ ఫింగర్‌ప్రింట్. సర్వర్ చూసుకునే మనిషికి ఫోన్ చేయండి: “అన్నా, ఆ మెషీన్ కన్సోల్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ కమాండ్‌తో సర్వర్ కీ ఫింగర్‌ప్రింట్ చూసి చదవవా?” ఆయన చదువుతుంటే మీరు స్క్రీన్ మీద వేలు పెట్టి సరిచూసుకోండి. పెద్ద బడి అక్షరం, చిన్న బడి అక్షరం తేడా ముఖ్యం. మొదటి నాలుగు కలిశాయి కదా అని ఆపేయకండి. రెండు నిమిషాల పని. మొత్తం కలిస్తేనే యాక్సెప్ట్. ఫోన్ దొరక్కపోతే క్యాన్సిల్ కొట్టి ఆగండి. కనెక్ట్ వన్స్ నొక్కితే కీని గుర్తుపెట్టుకోదు, అంతే. పాస్‌వర్డ్ మాత్రం అవతలికి వెళ్లిపోతుంది.

యాక్సెప్ట్ చేసిన కీని పుట్టీ విండోస్ రిజిస్ట్రీలో దాచుకుంటుంది. ఇంకెప్పుడైనా కీ మారితే ఈసారి గట్టి హెచ్చరికే వస్తుంది. నాకొకసారి రాత్రి పదకొండింటికి వచ్చింది. చాలా టెన్షన్ పడ్డాను. ఫోన్ చేస్తే, సాయంత్రమే సర్వర్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేశామని, చెప్పడం మర్చిపోయామని అన్నారు. అప్పుడు కూడా కొత్త ఫింగర్‌ప్రింట్ చదివించుకున్నాకే లోపలికి వెళ్లాను.

తర్వాత లాగిన్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డు పాడవలేదు, కొట్టేసి ఎంటర్ నొక్కండి.

వచ్చే పాఠానికల్లా మీ సర్వర్ ఫింగర్‌ప్రింట్ ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. అప్పుడు పుట్టీతో వచ్చే పుట్టీజెన్ అనే ప్రోగ్రామ్‌తో మన సొంత కీ జత తయారు చేసుకుందాం.