మాన్యువల్ టర్బో కారులో క్లచ్ త్వరగా అరగకుండా నడపడం ఎలా?

మా తమ్ముడి కారు గేర్‌బాక్స్ దించిన రోజు నేను షెడ్డులోనే ఉన్నాను. మెకానిక్ క్లచ్ ప్లేటు బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద పట్టునిచ్చే పొర, అంటే లైనింగ్, రివెట్ల దాకా అరిగిపోయింది. రివెట్ల తలలు చింతపండుతో తోమిన ఇత్తడిలా మెరుస్తున్నాయి. క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం, ఫ్లైవీల్ మీద రూపాయి బిళ్లంత నీలి మచ్చలు. ఆ కాలిన వాసన రెండుసార్లు సబ్బుతో కడిగినా చేతిని వదల్లేదు. మీటర్‌లో చూస్తే 24,000 కిలోమీటర్లు. అదే ఇంజిన్ ఉన్న కారును అదే క్లచ్ మీద లక్ష దాటించినవాళ్లు నాకు తెలుసు. పోనీ వాడు రేసులు కొట్టేవాడా అంటే అదీ కాదు. రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ఆఫీసుకు వెళ్లొచ్చేవాడు.

"అన్నా, నేను క్లచ్ మెల్లగానే వదులుతా కదా, ఎట్లా పోయింది?" అని అడిగాడు. మెల్లగా వదిలేవాడన్నది నిజమే. కాకపోతే ఇంజిన్ 3,000 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుండగా వదిలేవాడు. తంటా మొదలైంది అక్కడే.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడండి

క్లచ్ పూర్తిగా పట్టుకున్నప్పుడు అరగదు. పెడల్ పూర్తిగా తొక్కి విడదీసినప్పుడూ అరగదు. మధ్యలో, ఇంజిన్ ఒక వేగంతో, గేర్‌బాక్స్ ఇంకో వేగంతో తిరుగుతూ ఒకదానికొకటి రాసుకుంటున్నంతసేపే అరుగుతుంది. మనం హాఫ్ క్లచ్ అనేది దీన్నే.

చదునైన రోడ్డు మీద కారు కదిలించేటప్పుడు ఇంజిన్ వేగాన్ని ఒకేచోట నిలిపి క్లచ్ వదిలితే, క్లచ్ పట్టుకునేసరికి కారుకు ఎంత గతిశక్తి వచ్చిందో సరిగ్గా అంత శక్తి క్లచ్‌లో వేడి అవుతుంది. మనుషులతో కలిపి 1,400 కిలోల బరువున్న కారు అనుకుందాం. ఫస్ట్ గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర దాదాపు 15 కిలోమీటర్ల వేగం ఉంటుంది, అంటే వేడి సుమారు 12 కిలోజౌళ్లు. అదే 4,000 ఆర్‌పీఎం దగ్గర వదిలితే వేగం 30, వేడి 48 కిలోజౌళ్లు. ఆర్‌పీఎం రెట్టింపైతే వేడి నాలుగింతలు. మెల్లగా వదిలినా ఠక్కున వదిలినా ఈ లెక్క మారదు. ఠక్కున వదిలితే ఆ వేడంతా ఒక్కసారిగా పుట్టి లైనింగ్ మాడుతుంది, అంతే తేడా. అందుకే కాలు ఎంత సుతారంగా లేచిందన్న దానికంటే ముందు ఇంజిన్ ఎంత తిరుగుతోందో చూసుకోవాలి.

బయల్దేరేటప్పుడు

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీలో ఉన్న 1.5 టీఎస్ఐ టర్బో ఇంజిన్‌నే తీసుకోండి. అది 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) 1,600 ఆర్‌పీఎం నుంచే ఇస్తుంది. అలాంటి ఇంజిన్‌కు సిగ్నల్ దగ్గర కారు కదపడానికి 3,000 అవసరమే లేదు.

ఒక ఖాళీ రోడ్డు మీద ఇది సాధన చేయండి. ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్‌ను కొద్దికొద్దిగా పైకి రానివ్వండి. ఒకచోట కారు ముక్కు కాస్త లేచినట్టవుతుంది, ఆర్‌పీఎం ముల్లు కొంచెం కిందికి దిగుతుంది. అదే బైటింగ్ పాయింట్. అక్కడ ఒక్క క్షణం ఆపితే కారు తనంతట తాను కదులుతుంది. కదలగానే మిగతా పెడల్ వదిలేయండి. ఇలా ఒక పదిసార్లు చేస్తే మీ కారు పట్టుకునే చోటు కాలికి గుర్తుండిపోతుంది. ఆ తర్వాత రోజువారీ ప్రయాణంలో 1,200 నుంచి 1,500 ఆర్‌పీఎం మధ్య బయల్దేరండి. కదిలాక, క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేశాక ఎంత తొక్కాలనిపిస్తే అంత తొక్కండి. క్లచ్ పట్టుకున్న తర్వాత వాడే పవర్ దాన్ని అరగదీయదు. పవర్ ఉన్న కారు కొనుక్కుని భయంభయంగా నడపాల్సిన పని లేదు. సెకండ్ గేరులో బయల్దేరే అలవాటు ఉంటే మాత్రం ఈరోజే మానేయండి.

ట్రాఫిక్‌లో

సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లోకి వచ్చేసి కాలు పక్కన ఫుట్ రెస్ట్ మీద పెట్టండి. క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే ప్లేటు అరగదన్నది నిజమే, కానీ ఆ భారమంతా పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ మోస్తుంది. నడుపుతున్నప్పుడు పెడల్ మీద కాలు ఊరికే ఆనించి ఉంచడం ఇంకా చెడ్డది. క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు పట్టు కొంచెం సడలినా చాలు, మీకు తెలియకుండానే క్లచ్ జారుతూ ఉంటుంది.

జామ్‌లో ముందు కారు రెండడుగులు కదలగానే మనమూ రెండడుగులు కదలాలనిపిస్తుంది. ఆగండి. కారున్నర ఖాళీ ఏర్పడ్డాక ఒక్కసారే కదిలి, క్లచ్ పూర్తిగా వదిలేయండి. ఐడిల్ మీద కారు గంటకు ఆరేడు కిలోమీటర్ల వేగంతో దానంతట అదే పాకుతుంది. ఆ ఖాళీలోకి బైకు దూరుతుంది, ఆటో దూరుతుంది. దూరనివ్వండి. ఒక అరగంట జామ్‌లో వంద హాఫ్ క్లచ్‌లు ముప్పైకి తగ్గుతాయి.

ఎత్తు మీద

మా తమ్ముడి క్లచ్‌ను ఎక్కువగా తినేసింది ఆఫీసు బేస్‌మెంట్ ర్యాంపే అని నా నమ్మకం. రోజూ సాయంత్రం గేటు దగ్గర క్యూ ఉంటుంది. బ్రేకు వాడకుండా, హాఫ్ క్లచ్ మీదే కారును ర్యాంపులో నిలబెట్టేవాడు. పది అడుగులకు ఒక అడుగు లేచే వాలులో ఆ 1,400 కిలోల కారును 1,500 ఆర్‌పీఎం దగ్గర అలా పట్టుకుంటే క్లచ్‌లో నాలుగు కిలోవాట్లకు పైగా వేడి పుడుతుంది. ఇంట్లో స్నానాల గదిలోని రెండు కిలోవాట్ల గీజర్లు రెండు కలిపినా అంత ఉండవు. చుట్టూ నీళ్లు లేవు, గాలి ఆడే చోటు లేదు. అలా రెండు నిమిషాలు ఉంచితే ఏమవుతుందో మీరే ఊహించండి.

కాబట్టి వాలులో ఆగితే బ్రేకు తొక్కి ఆగండి. హిల్ హోల్డ్ ఉన్న కారైతే బ్రేకు వదిలాక అది రెండు క్షణాలు పట్టుకుంటుంది, ఆ లోపల కదలొచ్చు. లేకపోతే హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్ బైటింగ్ పాయింట్‌కు తెచ్చి, కారు ముందుకు లాగుతున్నట్టు అనిపించగానే హ్యాండ్ బ్రేకు దించండి. తిరుమల ఘాట్‌లో బస్సు వెనకాల ఆగి ఆగి వెళ్లాల్సి వచ్చినా ఇదే పద్ధతి. ర్యాంపు మీదికి రివర్స్‌లో ఎక్కించే పని వీలైనంత వరకూ పెట్టుకోకండి.

గేర్లు మార్చేటప్పుడు

పై గేరుకు మారేటప్పుడు యాక్సిలరేటర్ వదలకుండా క్లచ్ ఒక్కటే తన్ని గేరు వేయడం కొందరు గొప్పగా చూపిస్తారు. క్లచ్ విడిపోగానే ఇంజిన్ పైకి ఎగిరిపోతుంది, మళ్లీ దాన్ని కిందికి లాగాల్సింది క్లచ్ ప్లేటే. బీఎండబ్ల్యూ మాన్యువల్ కార్లలాంటి కొన్నింటిలో క్లచ్ ఆయిల్ దారిలో సన్నని డిలే వాల్వ్ ఉంటుంది. కాలు ఎంత వేగంగా తీసినా లోపల క్లచ్ నిదానంగానే పట్టుకుంటుంది. అలాంటి కారులో అది పట్టుకునే దాకా ఆగి తొక్కడం మరీ అవసరం.

కింది గేరుకు మారేటప్పుడు క్లచ్ వదిలే ముందు యాక్సిలరేటర్‌ను చిన్నగా ఒకసారి తట్టి ఆర్‌పీఎం పైకి తీసుకెళ్లండి. రెండు వేగాలూ కలిశాక క్లచ్ వదిలితే కుదుపు ఉండదు, అరుగుదలా ఉండదు. తట్టడం చేతకానంత వరకూ ముందు బ్రేకుతో వేగం తగ్గించుకుని ఆ తర్వాత గేరు మార్చండి. బ్రేకు ప్యాడ్లు గంటలో మార్చేయొచ్చు. క్లచ్ కోసం గేర్‌బాక్స్ మొత్తం దించాలి.

రీమ్యాప్ చేయించే ముందు

కంపెనీ క్లచ్‌ను ఇంజిన్ టార్క్ కంటే కొంత ఎక్కువ పట్టేలా చేస్తారు. రీమ్యాప్‌తో, అంటే ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడంతో, ఆ మిగులు కరిగిపోతుంది. అమెరికాలో మార్క్ 7 గోల్ఫ్ జీటీఐ మాన్యువల్‌ను స్టేజ్ 1 (మొదటి మెట్టు రీమ్యాప్) చేయించుకున్నవాళ్లలో చాలామందికి క్లచ్ జారడం అనుభవమే. ట్యూనర్‌తో ముందే మాట్లాడి తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ మీద హద్దు పెట్టించండి. లేదంటే క్లచ్ బలపరిచాకే మ్యాప్ వేయించండి. సిరామిక్ ప్లేట్లు ట్రాక్‌కు బాగుంటాయి కానీ సిటీలో పట్టుకుంటే ఒక్కసారిగా పట్టుకుని కారును వణికిస్తాయి. రోజూ నడిపేవాళ్లకు వాటిని నేను సిఫారసు చేయను.

జారుతోందో లేదో చూసుకోవడం

ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 45 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. టర్బో అందుకునే వేళ ఆర్‌పీఎం, వేగం రెండూ కలిసి పెరగాలి. ముల్లు ఒక్కటే ఎగిరి, కారు వెనకబడితే క్లచ్ జారుతున్నట్టే. ఒక్కసారి చూస్తే చాలు, పదేపదే చేస్తే ఉన్నది కూడా పోతుంది.

గేర్లు గట్టిగా పడుతూ పెడల్ మెత్తబడితే అది అరుగుదల కాకపోవచ్చు. క్లచ్ హైడ్రాలిక్ ఆయిల్, ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను నెట్టే స్లేవ్ సిలిండర్ చూపించండి. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఆయిల్ డబ్బా ఒకటే, ఆ ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్పించాలి.

ఎప్పుడైనా కాలిన వాసన వస్తే కంగారుపడి వెంటనే ఇంజిన్ ఆపేయకండి. వీలుంటే పది నిమిషాలు క్లచ్ ముట్టుకోకుండా ఒకే వేగంతో నడపండి, వీలు లేకపోతే న్యూట్రల్‌లో కాలు తీసి ఉంచండి. తిరుగుతుంటేనే అది చల్లారుతుంది. ఒక్కసారి వాసన వచ్చినంత మాత్రాన క్లచ్ పోయినట్టు కాదు.

మార్చక తప్పకపోతే

ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ సెట్టుగా వేయించండి. డ్యుయల్ మాస్ ఫ్లైవీల్‌ను (మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండే రకం) పక్కన నిలబడి చూడండి. నీలి మచ్చలు, పగుళ్లు ఉంటే దాన్నలాగే వదిలేసి కొత్త ప్లేటు వేయడం డబ్బు దండగ. పాత ప్లేటు మీద ఆయిల్ తడి కనిపిస్తే ముందు ఆయిల్ కారుతున్న సీల్ మార్పించాలి. కొత్త లైనింగ్‌ను గ్రీసు చేతులతో ముట్టుకోనివ్వకండి.

కారు చేతికొచ్చాక మొదటి 500 నుంచి 1,000 కిలోమీటర్లు సిటీలోనే, గేర్లు ఎక్కువగా మారుస్తూ నిదానంగా నడపండి. ఆ రోజుల్లో హైవే మీద ఒకే గేరులో వెళ్తే ప్లేటు సరిగ్గా కుదురుకోదు. పెడల్ కూడా పాత చోట పట్టుకోదు. అందుకని మొదటి రోజు కాలనీ వీధుల్లో ఒక అరగంట తిప్పి కాలికి అలవాటు చేసుకోండి. మా తమ్ముడిని నేను ఆదివారం పొద్దున్నే ఒక ఖాళీ పార్కింగ్ స్థలానికి తీసుకెళ్లాను. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా నలభైసార్లు కదిలించాడు.