పేపర్ యాక్సెప్ట్ అయింది, ఇక వియన్నా దాకా వెళ్లేదెలా?

విదేశీ కాన్ఫరెన్స్‌కి పంపిన పరిశోధన పేపర్ యాక్సెప్ట్ అయిందని మెయిల్ రాగానే అందరం ముందు చూసేది ఫ్లైట్ రేటు. దాన్ని చివరికి పెట్టండి. విజయవాడ, గుంటూరు నుంచి వెళ్లేవాళ్లకి ప్లాన్ మొత్తం తిరిగేది వీసా చుట్టూ. దానికి కావాల్సిన కాగితాలేమో ఒకేసారి చేతికి రావు. రిజిస్ట్రేషన్ ఫీజు కడితేగానీ చాలామంది నిర్వాహకులు ఆహ్వాన లేఖ పంపరు, ఆ లేఖ లేకుండా కాలేజీలో ఎన్‌ఓసీ (మీరు వెళ్లడానికి అభ్యంతరం లేదనే పత్రం) ఫైలు కదలదు, ఎన్‌ఓసీ లేకుండా వీసా ఫైలు పూర్తవదు. అందుకని కాన్ఫరెన్స్ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి, కనీసం నాలుగు నెలలు చేతిలో ఉండేలా. ఇక్కడ ఉదాహరణకి ఆస్ట్రియా రాజధాని వియన్నా తీసుకుంటున్నాను. రేడియాలజీ డాక్టర్లు వెళ్లే ఈసీఆర్, భూవిజ్ఞానం వాళ్లు వెళ్లే ఈజీయూ సదస్సులు రెండూ అక్కడే జరుగుతాయి.

1. అసలు అది నిజమైన కాన్ఫరెన్సేనా?

ఫీజు కట్టకముందే తేల్చుకోవాల్సింది ఇదే. మన జిల్లాల్లో ఇన్ని యూనివర్సిటీలు, ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి కదా, "మీ పరిశోధన అద్భుతం, వచ్చి కీనోట్ (ముఖ్య ప్రసంగం) ఇవ్వండి" అనే మెయిల్స్ మన లెక్చరర్లకి, పీహెచ్‌డీ పిల్లలకి వస్తూనే ఉంటాయి. అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) పంపిన మర్నాడే యాక్సెప్ట్ చేశారంటే అనుమానించండి. ఒకే హోటల్లో, అవే రెండు రోజుల్లో, నర్సింగ్‌కీ నానో టెక్నాలజీకీ వ్యవసాయానికీ వేర్వేరు సదస్సులు పెట్టారంటే గట్టిగా అనుమానించండి. కమిటీలో పేరున్న ప్రొఫెసర్ ఒకరికి, ఆయన యూనివర్సిటీ పేజీలో ఉన్న మెయిల్ ఐడీకే, "మీరు నిజంగా ఇందులో ఉన్నారా" అని రెండు లైన్లు రాయండి. అప్పు చేసి వెళ్లే పిల్లలున్నారు, రెండు లైన్ల మెయిల్‌తో ఆ డబ్బు నిలబడుతుంది.

2. పాస్‌పోర్ట్ తీసి పేరు చూడండి

షెంగెన్ దేశాలకైతే (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలు, ఆస్ట్రియా కూడా అందులోదే) మీరు అక్కడి నుంచి బయల్దేరే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలైనా పాస్‌పోర్ట్ చెల్లాలి, జారీ అయి పదేళ్లు దాటి ఉండకూడదు, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఇదంతా ఒక్క నిమిషంలో తేలిపోతుంది. మనవాళ్లకి పేచీ వచ్చేది పేరు దగ్గర. పబ్లిష్ చేసిన పేపర్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, టెన్త్ సర్టిఫికెట్‌లో అది పేరుకి ముందుంటుంది, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో విడిగా ఉంటుంది, కొందరికైతే ఆ గడి ఖాళీ. రిజిస్ట్రేషన్, ఆహ్వాన లేఖ, ఇన్సూరెన్స్, టికెట్ అన్నిట్లోనూ పాస్‌పోర్ట్‌లో ఉన్న స్పెల్లింగే అక్షరం పొల్లుపోకుండా రాయండి. బ్యాడ్జి మీద పేరు ఎలా ఉండాలో నిర్వాహకులకి వేరేగా చెప్పుకోవచ్చు. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే మాత్రం వీసా ఊసెత్తకముందే రీఇష్యూకి వెళ్లడం మంచిది.

3. సెలవు, ఎన్‌ఓసీ, డబ్బు

గవర్నమెంటు ఉద్యోగులు విదేశం వెళ్లాలంటే పై అధికారుల అనుమతి తప్పనిసరి. ఆ ఫైలు ఎన్ని టేబుళ్లు దాటాలో మీ ఆఫీసులో ఇదివరకు వెళ్లొచ్చినవాళ్లని అడిగి, ఆహ్వాన లేఖ వచ్చిన రోజే పెట్టేయండి. స్టూడెంట్లయితే ఫీజు తగ్గింపు గానీ ట్రావెల్ గ్రాంటు గానీ ఉందేమో నిర్వాహకుల్ని మొహమాటం లేకుండా అడగండి. సీఎస్‌ఐఆర్ లాంటి కేంద్ర పరిశోధన సంస్థల సాయం కావాలంటే నెలల ముందే అప్లై చేసుకోవాలి.

4. వీసా

షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇచ్చేయాలి. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం వస్తుంది, కొన్ని కేసుల్లో 45 రోజుల దాకా లాగుతుంది. ఆ 45నే లెక్కలోకి తీసుకోండి. పెద్దలకి ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీ అదనం. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. కాన్ఫరెన్స్ అయ్యాక పక్క దేశం కూడా చూసొద్దామనుకుంటే, ఎక్కువ రోజులు ఎక్కడుంటారో ఆ దేశానికే అప్లై చేయాలి.

వేలిముద్రలకి మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది హైదరాబాద్. పొద్దున బండెక్కి మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ అందుకుందామని లెక్క వేసుకోకండి, రైలు గంట లేటయితే స్లాటు పోతుంది. ముందురోజు రాత్రికే చేరిపోతే టెన్షన్ ఉండదు. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో అప్లై చేసే వారం ముందు ఎవరో వేసిన రెండు లక్షలు కనపడితే ప్రశ్నలొస్తాయి. నాన్నగారో మావయ్యగారో ఖర్చు పెడుతుంటే ఆ మాటే రాసి, వాళ్ల లెటరు, స్టేట్‌మెంటు, ఐటీ రిటర్నులు జతచేయండి.

5. టికెట్, రూము

వీసా చేతికొచ్చేదాకా రిఫండ్ రాని టికెట్ కొనొద్దు, ఎంత చవగ్గా కనపడినా సరే. హోటల్ కూడా క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే బుక్ చేయండి.

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తుంటే ఇమిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అయిపోతుంది, వియన్నాలో కాదు. 2025 అక్టోబర్ 12న మొదలైన ఈఈఎస్ పద్ధతిలో (రాకపోకల్ని కంప్యూటర్లో నమోదు చేసే పద్ధతి) అక్కడ ఫొటో కూడా తీస్తారు, వీసాకి ఇచ్చిన వేలిముద్రలతో సరిచూస్తారు. కాబట్టి గంటంబావు గ్యాప్ ఉన్న కనెక్షన్ చూసి మోజు పడొద్దు, మూడు గంటలుండేది తీసుకోండి. శంషాబాద్‌కి కారులో వెళ్లేవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కేస్తే ఎల్బీనగర్ ట్రాఫిక్ తప్పుతుంది. సంక్రాంతి రోజుల్లో ప్రయాణం పడితే పంతంగి టోల్ దగ్గర బారులు తీరే కార్లను కూడా లెక్కలో వేసుకోవాలి.

వియన్నాలో పెద్ద కాన్ఫరెన్సులు జరిగే ఆస్ట్రియా సెంటర్ యూ1 మెట్రో లైను మీద, కైజర్‌మ్యూలెన్ స్టేషన్ పక్కనే ఉంటుంది. వేదిక ఎదురుగా ఉండే ఖరీదైన రూము అక్కర్లేదు, యూ1 లైను మీద ఎక్కడ దొరికినా చాలు. ఏ ఊరికి వెళ్లినా అంతే, ముందు మెట్రో మ్యాప్ తెరిచి, తర్వాత హోటళ్లు వెతకండి. ఎయిర్‌పోర్ట్ నుంచి సిటీకి క్యాట్ అనే ప్రత్యేక రైలుంది, పావుగంటలో దింపుతుంది. ఎస్7 అనే మామూలు రైలు ఇంకో పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది, రేటు మాత్రం బాగా తక్కువ.

సోమవారం మొదలయ్యే కాన్ఫరెన్స్‌కి చాలామంది ఆదివారం దిగుతారు. ఆదివారం వియన్నాలో సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవే తెరిచి ఉంటాయి. వీలైతే శనివారమే దిగండి, నిద్ర కూడా సర్దుకుంటుంది.

6. సర్దుకోవడం

మీ పరిశోధనని వివరించే పోస్టరుంటే గొట్టంలో చుట్టి మోసుకెళ్లడం కన్నా బట్ట మీద ప్రింట్ చేయించుకోవడం నయం. ఏ0 సైజు అంటే 84.1 బై 118.9 సెంటీమీటర్లు. ఫైలు అదే కొలతలో ఇవ్వండి, లేకపోతే షాపువాళ్లు అడుగుల్లో సర్దేస్తారు. చొక్కాలా మడిచి క్యాబిన్ బ్యాగులో పెట్టండి, చెక్-ఇన్‌లో వేయొద్దు. క్యాబిన్ బ్యాగులోనే ఒక జత బట్టలు, మందులు, పవర్ బ్యాంక్. పవర్ బ్యాంక్ చెక్-ఇన్‌లో ఎలాగూ ఒప్పుకోరు.

కారప్పొడి, కందిపొడి నిశ్చింతగా పట్టుకెళ్లండి. పచ్చడి చెక్-ఇన్‌లోనే, రెండు కవర్లు చుట్టి. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, బయటి దేశాల పాల, మాంస పదార్థాలని ఈయూలోకి (యూరోపియన్ యూనియన్) తేనివ్వరు. అమ్మ పూతరేకులు పెడతానంటే అందులో నెయ్యి ఉందని ముందే చెప్పండి.

బ్యాంక్ యాప్‌లో కార్డుకి ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి, ఓటీపీలు రావడానికి మన సిమ్‌కి రోమింగ్ ఇక్కడుండగానే వేయించుకోండి.

ఇక బోర్డింగ్ పాసులు, మెట్రో టికెట్లు, హోటల్ బిల్లు, హాజరు సర్టిఫికెట్ ఏవీ పారేయకండి. టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లు పెట్టేటప్పుడు మన ఆఫీసుల్లో బోర్డింగ్ పాస్ అడుగుతారు, కాబట్టి కౌంటర్లో కాగితం మీదే తీసుకుని, ఆ సాయంత్రమే ఫోన్లో ఫొటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి.