కడుపునొప్పికీ ఫిర్యాదుకీ ఇంగ్లీషులో ఏ మాట వాడాలి

ఆసుపత్రిలో నింపమని ఇచ్చిన కాగితం మీద ‘చీఫ్ కంప్లైంట్’ అన్న గడి దగ్గర కలం ఆపేసి, మా బాబాయి నన్ను దగ్గరికి పిలిచి, “నాకు ఇక్కడ ఎవరి మీదా ఫిర్యాదు లేదురా, ఇందులో ఏం రాయమంటావు?” అని అడిగారు. అప్పటికి రెండు రోజులుగా ఆయన కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నారు. ఆ గడిలో రాయవలసింది ఆ నొప్పి సంగతే. ఇంగ్లీషులో కంప్లైంట్ అంటే ఫిర్యాదు మాత్రమే కాదు, ఒంట్లోని బాధ కూడా. రోగి ముఖ్యంగా ఏ బాధతో వచ్చాడో దానినే వైద్యులు చీఫ్ కంప్లైంట్ అంటారు. ఈ చుట్టరికం ఆ ఒక్క మాటతో ఆగదు. బెల్లీఏక్, గ్రైప్, మోన్, గ్రంబుల్ అనే మాటలు కూడా ఒంటి బాధ దగ్గరా సణుగుడు దగ్గరా రెండు చోట్లా వినిపిస్తాయి. ఏది ఎక్కడ వాడాలో తెలిసి ఉంటే డాక్టరుకు నొప్పిని సరిగ్గా చెప్పుకోవచ్చు, ఆఫీసులో తెలియక ఎదుటివారి మనసు నొప్పించకుండానూ ఉండవచ్చు.

ముందు నొప్పి సంగతి చూద్దాం. కడుపు నొప్పిగా ఉందని చెప్పడానికి ఎక్కడైనా చెల్లే వాక్యం ‘మై స్టమక్ హర్ట్స్’. ‘ఐ హావ్ ఎ స్టమక్ ఏక్’ అన్నా సరిపోతుంది. మనలో చాలామంది ‘మై స్టమక్ ఈజ్ పెయినింగ్’ అంటాం. ‘నొప్పి పెడుతోంది’ అన్న తెలుగు క్రియను ఉన్నదున్నట్టు దింపడం వల్ల పుట్టిన వాక్యమది. నేటి ఇంగ్లీషు వాడుకలో పెయిన్ సాధారణంగా నొప్పికి పేరే తప్ప కడుపు చేసే పని కాదు. కాబట్టి ఆ మాటే వాడదలిస్తే ‘ఐ హావ్ ఎ పెయిన్ ఇన్ మై స్టమక్’ అనాలి.

ఉచ్చారణ దగ్గర ఒక చిక్కు ఉంది. స్టమక్‌లోనూ ఏక్‌లోనూ చివరి ధ్వనికి రాసేవి ‘సీ’, ‘హెచ్’ అక్షరాలే అయినా రెండింటిలోనూ పలికేది ‘క’కారమే. పూర్వం ఏక్ అనే క్రియను ‘కే’ అక్షరంతోనే రాసేవారు. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన నిఘంటువులో ఈ మాట గ్రీకు నుంచి వచ్చిందని పొరబడి ‘సీ హెచ్’ రాతను సమర్థించారు. ఆ రాత నిలిచిపోయింది, ఉచ్చారణ మాత్రం మారలేదు.

స్టమక్ అంటే శాస్త్రరీత్యా జీర్ణాశయమే అయినా వాడుకలో పొట్ట మొత్తాన్నీ ఆ మాటతోనే అంటారు. అందుకే డాక్టరు దగ్గర మాటతో పాటు చేత్తో చోటు కూడా చూపించడం మంచిది. పైకడుపు అయితే అప్పర్ అనీ, పొత్తికడుపు అయితే లోయర్ అనీ, బొడ్డు చుట్టూ అయితే అరౌండ్ ది బెల్లీ బటన్ అనీ చెప్పవచ్చు. వైద్యులు రాతలో వాడే మాట అబ్డామినల్ పెయిన్. అది మనం వాడి తీరాలనేమీ లేదు. టమీ ఏక్ ఎక్కువగా పిల్లల మాట, పిల్లలతో మాట్లాడేటప్పుడు పెద్దల మాట.

చోటు చెప్పాక నొప్పి తీరు చెప్పాలి. పొడిచినట్టు ఉంటే షార్ప్, సన్నగా సలుపుతూ ఉంటే డల్, మండుతూ ఉంటే బర్నింగ్, మెలిపెట్టినట్టు వచ్చి పోతుంటే క్రాంప్స్. వదలకుండా ఉంటే కాన్‌స్టంట్ అనీ, ఆగి ఆగి వస్తుంటే ‘ఇట్ కమ్స్ అండ్ గోస్’ అనీ అనాలి. ఈ చివరి వివరం చిన్నదిగా కనిపించినా వైద్యుడికి ఎంతో పనికివస్తుంది, దయచేసి వదిలిపెట్టకండి. ‘సిక్’ అనే మాటతోనూ జాగ్రత్త అవసరం. బ్రిటిష్ వాడుకలో ‘ఐ ఫీల్ సిక్’ అంటే వికారంగా ఉందని, ‘ఐ హావ్ బీన్ సిక్’ అంటే వాంతి అయిందని అర్థం చేసుకునే అవకాశం ఎక్కువ. మనం అనే లూజ్ మోషన్స్ బయటి దేశాలవారికి అర్థం కాకపోవచ్చు, డయేరియా అంటే ఎవరికైనా తెలుస్తుంది.

తెలుగులో కడుపుమంట అంటే అసూయ అన్న అర్థమే ముందు తోస్తుంది. ఒంటి బాధ అయితే గుండెల్లో మంట అంటాం. ఇంగ్లీషువారు కూడా దానిని హార్ట్‌బర్న్ అనే అంటారు, అయితే అక్కడ మండేది గుండె కాదు, జీర్ణాశయంలోని ఆమ్లం పైకి తన్నడం వల్ల మండే అన్నవాహిక. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, నొప్పి చేతికో దవడకో పాకుతూ చెమటలు పడుతున్నప్పుడు మాత్రం హార్ట్‌బర్న్ అనకండి. చెస్ట్ పెయిన్ అని స్పష్టంగా చెప్పి వెంటనే వైద్యసహాయం కోరండి.

నొప్పి నుంచి ఫిర్యాదుకు దాటే వంతెన వంటి మాట గ్రైప్. దాని అసలు అర్థం గట్టిగా పట్టుకోవడం. గ్రిప్ దీనికి తోబుట్టువే. కడుపులో పట్టేసినట్టు ఉందని మనం అన్నట్టే వారు మెలిపెట్టే నొప్పిని ‘ది గ్రైప్స్’ అన్నారు. 1851లో ఇంగ్లండులో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన గ్రైప్ వాటర్‌లోని గ్రైప్ ఇదే. ఇప్పుడు గ్రైప్ అంటే ఎక్కువగా వినిపించే అర్థం చిన్నచిన్న విషయాల మీద అసంతృప్తి. బెల్లీఏక్ దారీ అలాంటిదే. నామవాచకంగా అది కడుపునొప్పి, క్రియగా వాడితే విసుగు పుట్టించే సణుగుడు. ‘స్టాప్ బెల్లీఏకింగ్’ అని ఎవరైనా అంటే అది పరామర్శ కాదు, మందలింపు.

ఫిర్యాదు చేయడంలో మనం ఎక్కువగా తడబడేది కంప్లెయిన్ తర్వాత వచ్చే చిన్న మాట దగ్గర. చప్పుడు గురించి ఫిర్యాదు అయితే ‘కంప్లెయిన్ అబౌట్’, మేనేజరుతో చెప్పుకోవడం అయితే ‘కంప్లెయిన్ టు’, ఒంటి బాధ అయితే ‘కంప్లెయిన్ ఆఫ్’. డాక్టరు కాగితంలో ‘కంప్లెయిన్స్ ఆఫ్ స్టమక్ పెయిన్’ అని ఉంటే రోగి సణుగుతున్నాడని కాదు, కడుపునొప్పి ఉందని చెప్పాడని. అలాగే కంప్లైంట్ ఇచ్చాననడానికి ‘గేవ్ ఎ కంప్లైంట్’ అనకుండా ‘మేడ్ ఎ కంప్లైంట్’ అనాలి. అధికారికంగా రాసి ఇచ్చినదైతే ‘ఫైల్డ్’ లేదా ‘లాడ్జ్‌డ్’ అంటే నప్పుతుంది.

మిగతా మాటల్లో బరువు తేడా చూసుకోవాలి. గ్రంబుల్ అంటే గొణగడం. ఆకలికి కడుపులో గుడగుడలాడడాన్నీ ఆ మాటతో అంటారు. మోన్ నొప్పితో మూలగడమూ అవుతుంది, బ్రిటిష్ వాడుకలో అదేపనిగా సణగడమూ అవుతుంది. వైన్ అంటే పిల్లవాడు రాగం తీసినట్టు నస పెట్టడం. ఇవన్నీ ఎదుటివారి ఫిర్యాదును తేలిక చేసే మాటలు. న్యాయమైన బాధతో వచ్చినవారిని ‘యు ఆర్ వైనింగ్’ అంటే అవమానించినట్టే. ఉత్తరాల్లో మన అసంతృప్తిని మెత్తగా తెలపడానికి కన్సర్న్, జరిగిన అన్యాయాన్ని గట్టిగా నమోదు చేయడానికి గ్రీవెన్స్ తగిన మాటలు.

‘హౌ ఆర్ యు’ అని అడిగితే ‘కాంట్ కంప్లెయిన్’ అని ఎవరైనా బదులిస్తే, ఫిర్యాదు చేసే వీలు లేక కుమిలిపోతున్నారని కంగారు పడనక్కరలేదు. బాగానే ఉన్నామండీ అని మనం అనే మాటకు అది వారి వాడుక.