నాలుగు నెలలు ఓడలో కాపురం: ఎక్కే ముందే చూసుకోవాల్సినవి

జనవరి మొదటి వారాల్లో అమెరికాలో ఫ్లోరిడా నుంచీ ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ నుంచీ ప్రపంచం చుట్టి వచ్చే ఓడలు బయల్దేరుతాయి. మేము వెళ్ళొచ్చినప్పటి నుంచి తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు అందరూ ఒకటే అడుగుతున్నారు, నడిసముద్రంలో తుఫాను వస్తే భయం వేయలేదా అని. తుఫాను సంగతి కెప్టెన్ చూసుకున్నాడండీ. మమ్మల్ని ఏడిపించినవి వేరే ఉన్నాయి. ఓటీపీలు, మాత్రలు, చేతులు కడుక్కోని జనం, గదిలో ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోవడం. మాది 116 రోజుల ప్రయాణం, చదివింపుల లెక్కలా సరిగ్గా నూట పదహార్లు. అన్నాళ్ళంటే దాన్ని టూరు అనుకోకండి. ఊరు మారి వేరే ఇంట్లో కాపురం పెడుతున్నాం అనుకుని సర్దుకోండి, సగం తప్పులు అక్కడే తప్పుతాయి.

డబ్బు కట్టే ముందు అసలు ఓడ ఉందో లేదో చూడండి. నవ్వకండి. 2023 నవంబర్‌లో ఇస్తాంబుల్ నుంచి బయల్దేరాల్సిన మూడేళ్ళ యాత్ర ఒకటి, ఆ కంపెనీ ఓడ కొనలేకపోయి రద్దయింది. దాన్ని నమ్ముకుని ఇళ్ళు ఖాళీ చేసుకున్నవాళ్ళున్నారు. 2024లో ఇంకో ఓడ రిపేర్లు తేలక బెల్‌ఫాస్ట్‌లో నెలల తరబడి ఆగిపోయింది. ఏళ్ళ తరబడి తిరుగుతున్న కంపెనీ అయితే అంత భయం లేదు గానీ, వెళ్తున్నాం కదా అని ఇల్లు అద్దెకిచ్చేసి రోడ్డున పడకండి. రూటు కూడా రాతి మీద గీత కాదు. ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా కంపెనీలు సూయజ్ కాలవ మానేసి ఆఫ్రికా చుట్టూ తిప్పి తీసుకెళ్ళాయి. అంటే మీరు అనుకోని దేశాల వీసాలు కావాల్సి రావచ్చు.

వీసాల దగ్గరే మన పాస్‌పోర్టుకి అసలు పరీక్ష. అమెరికావాళ్ళూ ఇంగ్లండ్ వాళ్ళూ అంతగా పట్టించుకోరు, మనకి అలా కుదరదు. అమెరికాలో ఎక్కి అమెరికాలో దిగేట్టయితే మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. షెంజెన్‌కి, అదే యూరప్ దేశాల ఉమ్మడి వీసాకి, ప్రయాణానికి ఆరు నెలల ముందు కంటే ముందుగా అప్లై చేయనివ్వరు, అదీ మల్టిపుల్ ఎంట్రీయే అడగండి. ఆ షెంజెన్ చేతిలో ఉంది కదా అని తాహితీ లాంటి ఫ్రెంచ్ ద్వీపాలకి ధీమాగా ఉండకండి, దానంతట అది అక్కడ చెల్లదు. ఆస్ట్రేలియా, జపాన్, దక్షిణాఫ్రికా, అన్నీ ఒక కాగితం మీద తేదీలతో రాసుకుని వెనక నుంచి లెక్కేసుకోండి. ఒక్క వీసా తక్కువైనా ఓడ ఎక్కే చోటే ఆపేస్తారు, డబ్బూ తిరిగి రాదు. పాస్‌పోర్టు యాత్ర అయ్యాక ఇంకో ఆరు నెలలు చెల్లేలా, ఖాళీ పేజీలు బాగా ఉండేలా చూసుకోండి. ఓడలో చాలాసార్లు పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారు, కాబట్టి జెరాక్స్ కాపీలు, ఫోన్‌లో ఫొటోలు మీ దగ్గర ఉండాలి.

దక్షిణ అమెరికా, ఆఫ్రికా రేవులు ఉంటే ఎల్లో ఫీవర్ టీకా. వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు. అరవై దాటినవాళ్ళకి ఈ టీకాతో కొంచెం రిస్క్ ఎక్కువ, అందుకని మీ డాక్టర్‌తో మాట్లాడకుండా వెళ్ళి చెయ్యి చాపకండి. సర్టిఫికెట్ లేకుండా ఆ దేశాల మీదుగా వస్తే మన దేశంలోనే ఆరు రోజులు క్వారంటైన్‌లో పెట్టగలరు.

మందుల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మేము ఇక్కడే దెబ్బ తిన్నాం. 116 రోజులకి 116 మాత్రలు లెక్కేసి తెచ్చారు మావారు, ఇంజనీర్ లెక్క. ఒక స్ట్రిప్పు బాత్‌రూమ్‌లో తడిసిపోయింది, అంతే, మళ్ళీ రేవు వచ్చేదాకా బీపీ మాత్ర సగం విరిచి వేసుకున్నారు. మీరు అలా చేయకండి. నెల రోజులవి అదనంగా తీసుకెళ్ళండి, రెండు బ్యాగుల్లో విడివిడిగా పెట్టండి. 2020 ఫిబ్రవరిలో యొకొహామాలో 3,700 మందికి పైగా ఉన్న ఓడని కోవిడ్ వల్ల రేవులోనే నిలిపేసి జనాన్ని వారాల తరబడి గదుల్లో ఉంచారు. అలాంటప్పుడు ఆ అదనపు నెలే కాపాడుతుంది. మాత్రలు డబ్బాల్లోకి మార్చకుండా కంపెనీ స్ట్రిప్పుల్లోనే, ప్రిస్క్రిప్షన్ మీద బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకుని ఉంచండి. మన దగ్గర మామూలుగా దొరికే కొన్ని మందులు బయట నేరం. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, కోడీన్ ఉన్న దగ్గు మందు ముందస్తు అనుమతి లేకుండా దుబాయ్‌లో దిగేటప్పుడు మీ బ్యాగులో ఉండకూడదు. జపాన్‌లో సూడోఎఫిడ్రిన్ ఎక్కువ ఉన్న జలుబు మాత్రలు నిషేధం. ఇంకో సంగతి, గసగసాలు. మసాలా పొడిలో వేసుకుంటాం కదా అని సంచిలో పెట్టుకుంటే యూఏఈలోనూ సింగపూర్‌లోనూ అది మత్తుపదార్థాల లెక్కలోకి వస్తుంది.

ఇన్సులిన్ వాడేవాళ్ళు గదిలోని చిన్న ఫ్రిజ్‌ని నమ్మకండి, చాలావాటిలో చల్లదనం అంతంతమాత్రం. మెడికల్ సెంటర్‌లో అడగండి. ఆ సెంటర్‌లో డాక్టరూ, ఈసీజీ, ఎక్స్‌రే ఉంటాయి కానీ అది ఆస్పత్రి కాదు. పసిఫిక్‌లో నాలుగైదు రోజులు ఏ నేలా కనబడదు, హెలికాప్టర్ వచ్చే దూరం దాటిపోతాం. గుండెకి స్టెంటు వేయించుకుని మూడు నెలలు కానివాళ్ళు ఇంకో ఏడాది ఆగితే పోయేదేమీ లేదు, ఓడలు మళ్ళీ జనవరికి వస్తాయి. మన ఊరి మెడిక్లెయిం అక్కడ పనికిరాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో రోజుల పరిమితి, వయసు పరిమితి, ముందే ఉన్న జబ్బులు కవరవుతాయా లేదా, ఓడ నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు ఇస్తారా, ఈ నాలుగూ కాగితం మీద చూశాకే డబ్బు కట్టండి. ఏజెంటు నోటిమాట వద్దు.

వాంతుల రోగం, అదే నోరోవైరస్, ఓడల్లో మామూలు. ద్వారం దగ్గర శానిటైజర్ చల్లుతారు, అది దీనికి సరిగా పనిచేయదు. సబ్బూ నీళ్ళూ పెట్టి ఇరవై సెకన్లు రుద్దాల్సిందే. బఫేలో అందరూ పట్టుకున్న గరిటె పట్టుకున్నాక తినే ముందు మళ్ళీ కడుక్కోండి. మనకి చేత్తో తినే అలవాటు కాబట్టి ఇది మనకి రెండింతలు ముఖ్యం. షేక్‌హ్యాండ్ ఇవ్వబోతే నమస్కారం పెట్టేయండి, ఎవరూ ఏమీ అనుకోరు, కొందరు ముచ్చటపడి తిరిగి పెడతారు. విరేచనాలు మొదలైతే దాచకండి. రెండు రోజులు గదిలో ఉంచుతారని దాచినవాళ్ళ వల్లే మా డెక్కు, అంటే ఓడలో మా అంతస్తు, మొత్తానికి పాకింది.

తిండి విషయంలో రెండు భయాలుంటాయి. దొరకదేమో అని ఒకటి, ఎక్కువ దొరికి ఒళ్ళు చెడుతుందేమో అని ఇంకోటి. నిజానికి రెండోదే నిజం. శాకాహారులమని బుక్ చేసిన వెంటనే రాసి పంపండి, చివరి నిమిషంలో కాదు. వంటవాళ్ళలో మనవాళ్ళు ఉంటారు, మా ఓడలో విశాఖ కుర్రాడొకడు అడగకుండానే నాకు పప్పు పంపేవాడు. పెరుగు పొద్దున బఫేలో దొరుకుతుంది, ఒక కప్పు పక్కన పెట్టుకుంటే మధ్యాహ్నం అన్నానికి సరిపోతుంది. కంపెనీ ఒప్పుకుంటే కొట్లో కొన్న సీలు వేసిన కందిపొడి, కరివేపాకు పొడి తీసుకెళ్ళండి. ఇంట్లో పెట్టిన ఆవకాయ మాత్రం వద్దు, సీలు లేని సీసాని చాలా కంపెనీలు లోపలికి రానివ్వవు, రానిచ్చినా ఓడ ఊగినప్పుడు ఆ నూనె ఎక్కడికి పోతుందో నేను చెప్పక్కర్లేదు. ఇక న్యూజిలాండ్, ఆస్ట్రేలియా రేవుల్లో దిగేటప్పుడు హ్యాండ్‌బ్యాగులో ఒక అరటిపండు మర్చిపోయినా జరిమానా. న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్లు, వాళ్ళ డాలర్లే అనుకోండి.

రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, నీళ్ళు కాచే కాయిల్, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, అగరొత్తులు, దీపం, ఇవేవీ గదిలోకి రానివ్వరు. నిప్పంటే ఓడవాళ్ళకి సముద్రం కంటే భయం. నేను బ్యాటరీ దీపం తీసుకెళ్ళాను, దేవుడు సర్దుకున్నాడు. బాల్కనీ రెయిలింగ్ మీద తువ్వాలు, లుంగీ ఆరేయడం కూడా కుదరదు, గాలికి ఎగిరిపోతాయి. అయస్కాంతం కొక్కేలు ఒక పది కొనుక్కెళ్ళండి, గది గోడలు ఉక్కువి కాబట్టి ఎక్కడంటే అక్కడ అతుక్కుంటాయి. బట్టలుతికే గది దగ్గర మాత్రం జాగ్రత్త. మా చిన్నప్పుడు వీధి కొళాయి దగ్గర బిందెల తగాదాలు చూశాను, యాభై ఏళ్ళ తర్వాత అవే మాటలు ఇంగ్లీషులో విన్నాను. పొద్దున అయిదింటికి వెళ్తే ఎవరూ ఉండరు.

గది ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో తీసుకుంటే ఊపు తక్కువ. ఆస్ట్రేలియాకీ న్యూజిలాండ్‌కీ మధ్య టాస్మాన్ సముద్రంలో మాకు బాగా తెలిసొచ్చింది. అవోమిన్ లాంటి మాత్ర ఊపు మొదలయ్యే ముందే వేసుకోవాలి, వాంతులయ్యాక వేసుకుంటే లోపల నిలవదు. అయితే మత్తు వస్తుంది, పెద్దవాళ్ళు తూలి పడతారు, కాబట్టి డాక్టర్ని అడిగే తీసుకోండి. ఓడ ఊగేటప్పుడు అసలు ప్రమాదం తలుపులు. బాత్‌రూమ్ తలుపు సందులో వేళ్ళు నలిగి కట్టు కట్టించుకున్నవాళ్ళని ముగ్గుర్ని చూశాను. అంచు పట్టుకోకండి, పిడి పట్టుకోండి. ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే మొదటి రోజు డ్రిల్లుకి బద్ధకించకండి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత, అది వినపడితే ఎటు వెళ్ళాలో కాళ్ళకి తెలిసుండాలి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగి 32 మంది పోయిన రాత్రికి, ఆ రోజే ఎక్కిన చాలామందికి ఇంకా డ్రిల్లే జరగలేదు.

నేను బ్యాంకులో చేశాను కాబట్టి డబ్బు సంగతి వదలను. టిప్పులని తలకి రోజుకి 16 డాలర్లు వేశారనుకోండి, ఇద్దరికి 116 రోజులకి 3,712 డాలర్లు, టికెట్‌లో కలిసుందో లేదో ముందే అడగండి. ఓడ ఖాతాకి డెబిట్ కార్డు ఇవ్వకండి, రోజూ కొంత సొమ్ము హోల్డులో పెట్టి మీ అకౌంటు బిగించేస్తారు. క్రెడిట్ కార్డు ఇచ్చి వారానికోసారి లెక్క ప్రింటు తీసుకోండి. మాకు ఎవరో తాగిన వైన్ రెండుసార్లు మా ఖాతాలో పడింది. ఓడ మీద ఫోన్ ఎప్పుడూ ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉండాలి. సముద్రంలో ఓడ సొంత సెల్ నెట్‌వర్క్‌కి తగిలితే మామూలు రోమింగ్ ప్యాక్‌లు చాలావరకు వర్తించవు, బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి. ఏరోప్లేన్ మోడ్‌లో ఉంటే ఓటీపీలు రావు. అందుకే ఇన్సూరెన్స్ ప్రీమియం, ఇంటి పన్ను, లాకర్ అద్దె, ఎఫ్‌డీ రెన్యువల్ బయల్దేరే ముందే తేల్చేయండి, మిగిలిన ఓటీపీ పనులు రేవులో రోమింగ్ పెట్టుకుని చేసుకోండి. పెన్షనర్లయితే లైఫ్ సర్టిఫికెట్. కేంద్రం వాళ్ళకి నవంబరే కాబట్టి చిక్కు లేదు, రాష్ట్ర ట్రెజరీ నుంచి తీసుకునేవాళ్ళు గడువు ఎప్పుడో కనుక్కుని మరీ వెళ్ళండి. నడిసముద్రంలో బతికే ఉన్నామని నిరూపించుకోవడం కష్టం.

పడమటికి వెళ్ళే ఓడ అయితే కొన్ని రాత్రులు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, నిద్ర ఎక్కువ దొరుకుతుంది, హాయి. తూర్పుకి వెళ్తే గంట పోతూ ఉంటుంది, వయసు పైబడినవాళ్ళకి అది నలుగుడే. పసిఫిక్‌లో తేదీ మారే గీత, అదే డేట్ లైన్, పడమటికి దాటినప్పుడు ఒక రోజు క్యాలెండర్లోంచి మాయమవుతుంది. మాకు పోయింది శనివారం. నా శనివారం ఒక్కపొద్దు ఏం చేయాలో ఆ దేవుడే చెప్పాలి, నేను ఆదివారం చేశాను. వారానికోసారి వేసుకునే మాత్రలుంటే మాత్రం వారం పేరు చూడకండి, ఏడు రోజులు లెక్కపెట్టుకోండి.

రేవులో దిగినప్పుడు చేతి వాచీ ఓడ టైములోనే ఉంచండి, ఫోన్ తనంతట తను ఊరి టైముకి మారిపోతుంది. సొంతంగా తిరిగితే రెండు గంటల ముందే వెనక్కి రండి. 2024 మార్చిలో ఆఫ్రికా తీరాన సావో టోమేలో ఎనిమిది మందిని వదిలేసి ఓడ వెళ్ళిపోయింది, దాన్ని అందుకోవడానికి వాళ్ళు దేశాలు దాటాల్సొచ్చింది. ఓడ ఆగదండీ, ఎవరి కోసమూ. రేవులో ఓడ తరఫున పనులు చూసే ఏజెంటు ఫోన్ నంబరు రోజూ ఇచ్చే కాగితం మీద ఉంటుంది, అది ఫొటో తీసుకుని దిగండి.

ఇక చివరిగా, కనీ కనపడని జాగ్రత్త ఒకటుంది. ఇద్దరూ ఒకే చిన్న గదిలో నాలుగు నెలలు. రెండో వారానికి మేము మాట్లాడుకోవడం మానేశాం, కారణం చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది, ఏసీ రిమోట్. తర్వాత ఒప్పందం చేసుకున్నాం. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఎవరి దారి వాళ్ళది. ఆయన చీట్లాటకి, నేను పాటల క్లాసుకి. డిన్నర్ టేబుల్ దగ్గర కూడా మొదటి రెండు రోజుల్లో సరిపడకపోతే మొహమాటపడకుండా మార్చమని అడగండి, తర్వాత మారిస్తే అది విడాకుల్లా ఉంటుంది, 110 రోజులు కారిడార్‌లో ఎదురుపడుతూనే ఉంటారు.

దిగే ముందు రాత్రి పెద్ద సూట్‌కేసులన్నీ గది బయట పెట్టమంటారు, రాత్రికి రాత్రే కిందికి దించేస్తారు. మర్నాటి బట్టలూ మందులూ పాస్‌పోర్టూ చేతి సంచిలో ఉంచుకోండి. మావారు ఉత్సాహంగా అన్నీ సర్దేసి బయట పెట్టేశారు, ప్యాంట్లతో సహా. ఫ్లోరిడా ఇమిగ్రేషన్ ఆఫీసర్ ముందు ఆయన గళ్ళ లుంగీ, పైన కోటుతో నిలబడ్డారు. ఆఫీసర్ లుంగీ వైపు ఒకసారి చూసి, ముద్ర వేసి పంపేశాడు.