సోలార్ ట్యాంకులో వేడి, కుళాయిలో గోరువెచ్చన

విశాఖ, ఎంవీపీ కాలనీ. మేడ మీద 200 లీటర్ల సోలార్ హీటర్. మిట్టమధ్యాహ్నం కూడా కుళాయిలో గోరువెచ్చని నీళ్లే. ట్యూబులు కడిగినా, పైపులకు ఫోమ్ చుట్టినా తేడా లేదు.

పట్టిచ్చిన పరీక్ష ఇది. సోలార్ ట్యాంకుకు చన్నీళ్లు వెళ్లే వాల్వు కట్టేసి, వంటింటి వేడినీళ్ల కుళాయి తిప్పాను. కాసేపటికి ధార ఆగాలి, ఆగలేదు. అంటే వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే ఏదో మిక్సర్‌లోంచి చన్నీళ్ల లైనుకున్న ప్రెషర్ పంపు ఆ నీళ్లను వేడి పైపులోకి తోస్తోంది. మిక్సర్ల కింద చన్నీళ్లు ఆపే చిన్న యాంగిల్ కాక్‌లు ఒక్కొక్కటే కట్టుకుంటూ వచ్చాను. రెండో బాత్రూంలో కట్టగానే ధార సన్నబడి ఆగింది. అక్కడ వేడి పైపుకి అరంగుళం ఇత్తడి స్వింగ్ టైపు ఎన్నార్వీ (నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వు), బాణం మిక్సర్ వైపు ఉండేలా, అడ్డంగా బిగించాం. స్ప్రింగు రకం మేడ మీది ట్యాంకు నుంచి దిగే నీళ్ల తక్కువ ఒత్తిడికి సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. ఇనుముది అసలే వద్దు, ఈ సముద్రపు గాలికి ఇట్టే తుప్పు.

వేడినీళ్లు, చన్నీళ్లు రెండూ కలిపి తిప్పితే వేడి ధార ఇప్పటికీ సన్నమే. పంపు తోసే చన్నీళ్లకీ, ట్యాంకు నుంచి దిగే వేడినీళ్లకీ ఉన్న ఒత్తిడి తేడాని ఎన్నార్వీ తీర్చదు. ప్రెషర్ పంపు లేని ఇళ్లలో కారణం వేరే కావచ్చు.