‘ఫోర్‌ఫిట్’ అనే ఇంగ్లిష్ క్రియను సరిగ్గా వాడడం ఎలా?

పర్సు ఎక్కడో జారిపోయిందనుకోండి, ‘లూజ్’ అంటే చాలు. గడువుకు ముందే ఇల్లు ఖాళీ చేశారు, రాసుకున్న షరతు ప్రకారం అడ్వాన్సు వెనక్కి రాలేదు. ఇక్కడ కావలసింది ‘ఫోర్‌ఫిట్’. రెండుసార్లూ పోయింది డబ్బే, కానీ రెండోసారి మన చేతలవల్ల, ఒక నియమం ప్రకారం పోయింది.

1. ముందు నోటికి పట్టించండి. స్పెల్లింగు చివర ‘ఎఫ్-ఈ-ఐ-టి’ చూసి చాలామంది ‘ఫర్‌ఫీట్’ అంటారు. నేనూ చాన్నాళ్లు అలాగే అన్నాను. ఊనిక ‘ఫోర్’ మీద, చివర పొట్టి ‘ఫిట్’. నకిలీ అనే అర్థంలో వాడే ‘కౌంటర్‌ఫిట్’కీ ఇదే తోక. మాట పుట్టింది పాత ఫ్రెంచ్‌లో, అక్కడ దీనికి నేరం అని అర్థం. హద్దు మీరినందుకు చేజారేది అని గుర్తుపెట్టుకుంటే ఇక మర్చిపోరు.

2. ‘జప్తు’ అని బట్టీ పట్టకండి. జప్తు చేసేది లాక్కునేవాడు, దానికి ‘కాన్ఫిస్కేట్’ ఉంది. ఫోర్‌ఫిట్ పోగొట్టుకున్నవాడి వైపు నుంచి చెప్పే మాట. ఎన్నికల వార్తల్లో ‘డిపాజిట్ గల్లంతు’ అంటామే, అది దీనికి బాగా దగ్గర. హక్కు అయితే ‘కోల్పోయాడు’ అనండి.

3. వాక్యంలో పోగొట్టుకున్నవాడే కర్త, పోయింది కర్మ. మధ్యలో ‘ఫ్రమ్’ లాంటివి ఇరికించొద్దు: ‘హి ఫోర్‌ఫిటెడ్ హిస్ డిపాజిట్.’

4. నిజంగా జరిగిన ఒక సంఘటనకు మాటను ముడివేయండి. నాకు అక్కరకొచ్చింది 2006 ఆగస్టు 20 నాటి ఓవల్ టెస్టు. బంతి స్థితిని కావాలని మార్చారంటూ అంపైర్లు పాకిస్థాన్‌కు 5 పరుగుల పెనాల్టీ వేశారు. టీ విరామం తర్వాత నిరసనగా జట్టు మైదానంలోకి రాలేదు. అంపైర్లు బెయిల్స్ తీసేసి మ్యాచ్‌ను ఇంగ్లండ్‌కు ఇచ్చేశారు. ‘పాకిస్థాన్ ఫోర్‌ఫిటెడ్ ద మ్యాచ్.’ ఆడి ఓడలేదు, రాకపోవడంవల్ల పోయింది. టెస్టు చరిత్రలో అలా జరగడం అదే మొదలు.

5. మినహాయింపులు కనబడితే కంగారు పడకండి. 2000 జనవరిలో సెంచూరియన్ టెస్టు మూడు రోజులు వానపాలయ్యాక, దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ ఒప్పందం చేసుకుని చెరో ఇన్నింగ్స్ ఫోర్‌ఫిట్ చేశాయి. అక్కడ శిక్ష లేదు, వదులుకోవడమే ఉంది. లీజు పత్రాల్లోనైతే యజమానే లీజును ‘ఫోర్‌ఫిట్’ చేస్తాడు! చదివినప్పుడు అర్థమైతే చాలు, మీరు అలా రాయనక్కర్లేదు.

6. ఇప్పుడు మిమ్మల్ని మీరే పరీక్షించుకోండి. దొంగ ఎత్తుకెళ్లిన ఫోను? ఫోర్‌ఫిట్ కాదు. ఆలస్యంగా వచ్చి సీటు పోగొట్టుకున్న ప్రయాణికుడు? ఆలస్యమైతే సీటు ఉండదని ముందే చెప్పి ఉంటే, అవును.