సాక్సాఫోన్ స్వయంగా నేర్చుకుందాం – 5వ పాఠం: వేళ్ళ కంటే ముందు నాదం

పోయిన పాఠంలో రీడ్ (ఊదితే కంపించే పలుచటి రెల్లు బద్ద) ఎలా తడపాలి, మౌత్‌పీస్‌కి ఎలా బిగించాలి, కింది పెదవిని పళ్ళ మీదికి ఎంత మడవాలి అన్నవి చూశాం. ఈ పాఠంలో కొత్త స్వరాలు లేవు, వేళ్ళకి కొత్త పని కూడా లేదు. వచ్చిన స్వరాలనే బాగా పలికించడం ఎలాగో చూస్తాం. కొంచెం విసుగు పుట్టించే పాఠమే, ముందే చెబుతున్నాను. కానీ దీన్ని దాటేసి వేగం వెంట పడితే ఏమవుతుందో నాకు తెలుసు. మొదటి ఏడాదంతా నేను చేసింది అదే. వేళ్ళు పరుగెత్తేవి, శబ్దం మాత్రం దోమ ముక్కుతో వాయించినట్టు సన్నగా వచ్చేది.

ముందు వాద్యాన్ని పక్కన పెట్టి కాసేపు వినండి. పాశ్చాత్య శాస్త్రీయ సాక్సాఫోన్‌కి 20వ శతాబ్దంలో దారి వేసినవాళ్ళలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు ఫ్రాన్స్‌కి చెందిన మార్సెల్ మ్యూల్ (1901–2001), రెండోవారు జర్మనీలో పుట్టిన సిగుర్డ్ రాషెర్ (1907–2001). ఇద్దరి నాదం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మ్యూల్‌ది తేలికైన, మెరిసే ధ్వని. అందులో సన్నటి కంపనం ఎప్పుడూ ఆడుతూ ఉంటుంది. రాషెర్‌ది గుండ్రంగా, కాస్త చీకటిగా ఉండే ధ్వని. వాద్యాన్ని తయారుచేసిన అడాల్ఫ్ సాక్స్ అనుకున్న నాదం ఇదేనని రాషెర్ వాదన. అందుకే లోపలి గది పెద్దగా ఉండే పాతరకం మౌత్‌పీస్‌నే ఆయన పట్టుబట్టి వాడేవాడు. మొదటిసారి విన్నప్పుడు రాషెర్ నాకు మొద్దుగా అనిపించాడు. ఇప్పుడు ఆయన పట్టిన ఒక్క పొడవాటి స్వరం కోసం రికార్డింగ్ అంతా మళ్ళీ వింటాను.

ఫ్రెంచ్ స్వరకర్త జాక్ ఇబెర్ 1935లో ఆల్టో (మధ్యస్థాయి) సాక్సాఫోన్‌కీ 11 వాద్యాలకీ కలిపి ఒక కచేరీ రచన చేసి రాషెర్‌కి అంకితమిచ్చాడు. దాన్ని మ్యూల్ 1937లో రికార్డు చేశాడు. ఈ వారం మీకు వినమని ఇచ్చేది ఆ రికార్డింగే. వేగంగా సాగే మొదటి భాగం దగ్గర ఆగిపోకండి, అక్కడ అందరూ వేళ్ళనే చూస్తారు. నేరుగా రెండో భాగం మొదటికి వెళ్ళండి. అక్కడ సాక్సాఫోన్ ఒంటరిగా, నెమ్మదిగా మొదలవుతుంది. దాక్కోవడానికి వెనక ఏ వాద్యమూ ఉండదు. ఒక్కో స్వరం ఎలా మొదలవుతోందో వినండి. నాలుక తగిలిన చప్పుడు వినిపిస్తోందా? స్వరం సన్నబడుతున్నప్పుడు శ్రుతి కిందికి జారుతోందా? ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్ళేటప్పుడు మధ్యలో నాదం పలచబడుతోందా? కాగితం మీద రాసుకుంటూ వింటే ఇంకా మంచిది.

ఇక వాద్యం చేతికి తీసుకోండి. కాదు, మొత్తం వద్దు, మౌత్‌పీస్ ఒక్కటి చాలు.

ఆల్టో మౌత్‌పీస్‌ని విడిగా ఊది, ఫోన్‌లో ట్యూనర్ తెరిచి చూడండి. శాస్త్రీయ పద్ధతిలో వాయించడానికి అక్కడ 880 హెర్ట్జ్, అంటే 'ఎ' స్వరం, రావాలని చాలామంది గురువులు చెబుతారు. దానికంటే బాగా పైన ఉంటే మీరు రీడ్‌ని కొరుకుతున్నారన్నమాట. నేర్చుకునేవాళ్ళలో ఎక్కువమందికి వచ్చే జబ్బు ఇదే. బాగా కింద ఉంటే పెదవులు మరీ వదులుగా ఉన్నాయి. 880 దగ్గర నిలబెట్టగలిగాక, దవడ కదపకుండా నాలుక వెనక భాగాన్నీ గొంతునీ మాత్రమే మార్చి స్వరాన్ని మెల్లగా కిందికి జార్చండి, మళ్ళీ పైకి తెండి. ఈల వేసేటప్పుడు స్వరం మార్చడానికి నోట్లో ఏం చేస్తామో ఇక్కడా అదే. మొదట్లో రెండు స్వరాలు కూడా జారవు. ఇంట్లో వాళ్ళు మాత్రం బాతు అరుస్తోందని తప్పకుండా అంటారు. రోజూ ఐదు నిమిషాలు, తలుపు వేసుకుని చేయండి.

తర్వాతది ఈ పాఠానికి గుండెకాయ లాంటి సాధన: ఓవర్‌టోన్లు.

సాక్సాఫోన్ గొట్టం శంఖువు ఆకారంలో ఉంటుంది. అందువల్ల ఒకే వేళ్ళ అమరికతో, గాలినీ గొంతునీ మార్చి, మూలస్వరం మీద వరుసగా దాని కంపనసంఖ్యకి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు... ఇలా అన్ని స్వరాలనూ పలికించవచ్చు. ఓవర్‌టోన్లంటే ఇవే. క్లారినెట్‌కి ఈ సౌకర్యం లేదు. దాని గొట్టం నిలువునా ఒకే వెడల్పుతో ఉంటుంది కాబట్టి మంద్రస్వరాల్లో సరి రెట్లు బలహీనపడతాయి. అన్ని కీలూ మూసి కింది బి ఫ్లాట్ పట్టండి. ఆల్టో మీద స్వరానికి మనం వాడే పేరు ఒకటి, వినిపించే స్వరం ఇంకొకటి; ఈ బి ఫ్లాట్‌కి నిజానికి వినిపించేది డి ఫ్లాట్, సుమారు 138.6 హెర్ట్జ్. ట్యూనర్ చూసి కంగారు పడకండి. దాన్ని 'స' అనుకుంటే, వేళ్ళు కదపకుండానే వరుసగా ఇవి రావాలి: పై స, దాని మీది ప, ఇంకా పై స, ఆ పైన అంతర గాంధారం, మళ్ళీ ప.

రావాలి అన్నానే గానీ, మొదటి రోజు రావు. పై స తేలిగ్గా పట్టుబడుతుంది, 'ప' దగ్గర చాలామంది ఆగిపోతారు. అప్పుడు మనకి తోచేది పెదవులు బిగించడం. ఆ పని మాత్రం చేయకండి. బిగిస్తే స్వరం పలుకుతుంది గానీ కీచుమంటుంది, పైగా చెడ్డ అలవాటు పడిపోతుంది. దీనికి రాషెర్ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది: ఊదబోయే స్వరాన్ని ముందు మనసులో స్పష్టంగా వినాలి. మంత్రం లాగా అనిపించినా ఇందులో వింతేమీ లేదు. పాడేటప్పుడు గొంతు చేసే పని ఇదే. స్వరం లోపల వినపడితే గొంతు దానంతట అదే ఆ ఆకారానికి వస్తుంది. కాబట్టి ముందు 'ప'ని నోటితో పాడండి, అదే గొంతుతో ఊదండి. ఇలాంటి సాధనతోనే రాషెర్ మామూలుగా రెండున్నర స్థాయిలున్న ఈ వాద్యాన్ని నాలుగు స్థాయిల దాకా తీసుకెళ్ళాడు.

ఓవర్‌టోన్ నిలబడ్డాక అసలు పని మొదలవుతుంది. కింది బి ఫ్లాట్ వేళ్ళతోనే పై బి ఫ్లాట్ పలికించి నాలుగు లెక్కల దాకా పట్టుకోండి. ఊపిరి ఆపకుండా, గొంతు కదపకుండా, వేళ్ళు మాత్రం ఆ పై స్వరానికి ఉండే మామూలు అమరికకు మార్చండి. తేడా వెంటనే తెలుస్తుంది. ఓవర్‌టోన్‌గా వచ్చినప్పుడు నాదం నిండుగా ఉంటుంది, మామూలు వేళ్ళకి మారగానే పలచబడుతుంది. ఆ నిండుతనాన్ని మామూలు వేళ్ళ మీదికి తెచ్చుకోవాలి. ఇటూ అటూ మారుస్తూ ఉండండి. కళ్ళు మూసుకుని వింటే ఏది ఏదో తెలియని రోజు వచ్చేదాకా ఇదే సాధన. నాకైతే మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత ఎఫ్ మీద కూడా ఇదే చేయండి, అంటే కింది బి ఫ్లాట్ నుంచి వచ్చే 'ప' అన్నమాట.

కంపనం, అంటే వైబ్రాటో, ఇప్పుడే మొదలుపెట్టకండి. పారిస్ డాన్స్ బ్యాండ్లలో వాయిస్తూ వైబ్రాటో నేర్చుకుని, దాన్ని శాస్త్రీయ సాక్సాఫోన్‌లోకి తెచ్చినవాడు మ్యూల్. ఆయన్ని వింటే మనకీ వెంటనే ఊపాలనిపిస్తుంది. నిలువుగా నిలబడని నాదం మీద కంపనం వేస్తే లోపం మీద రంగు పూసినట్టే. సాక్సాఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ గమకాలకు అలవాటు పడిన చెవులకి ఊపు లేని స్వరం చప్పగానే ఉంటుంది. ఆ దారి వేరు, దాని సాధన వేరు. ఈ వారానికి చప్పగానే ఉండనివ్వండి.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. మౌత్‌పీస్‌తో ఐదు, ఓవర్‌టోన్లతో పది, మిగిలిన ఐదు నిమిషాలూ ఒకే ఒక్క స్వరాన్ని అతి మెల్లగా మొదలుపెట్టి, పెంచి, మళ్ళీ మెల్లగా ముగించడానికి. కింది పెదవి లోపల నొప్పి పుడితే ఆపేయండి. కొరుకుతున్నారని అది చెబుతోంది. మొదటి రోజూ ఏడో రోజూ అదే స్వరాన్ని ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ రెండూ కావాలి. మెట్రోనోమ్ 60లో పెట్టి, లెక్కకి నాలుగు చొప్పున దవడతో కంపనం వేయడం మొదలుపెట్టేది ఆ రికార్డింగ్‌లోని స్వరం మీదే.